ఆటకు ముందు వాదం: ఫుట్‌బాల్ వ్యూహచర్చ – న్యాయశాస్త్ర దృష్టి

వ్యాససంగ్రహం:

పెద్ద పోటీకి ముందు అభిమానులు జరిపే వ్యూహచర్చను సాధారణంగా కాలక్షేపంగా పరిగణిస్తారు. ఆ చర్చకు ఒక నిర్మాణం ఉందనీ, దానిని భారతీయ న్యాయశాస్త్రం చెప్పిన వాద, జల్ప, వితండల వెలుగులో వివరించవచ్చుననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు రెండు సందర్భాలను ఆధారంగా తీసుకుంటుంది. మొదటిది, హైదరాబాద్‌కు చెందిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం నాయకత్వంలో భారత జట్టు ఆడిన 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్. రెండవది, హైదరాబాద్ ఎఫ్‌సి ఆడిన 2022 ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్. వ్యూహం మంచిచెడ్డలను ఫలితంతో కాక, ఆటకు ముందు అందుబాటులో ఉన్న హేతువులతో నిర్ణయించాలన్నది ఈ వ్యాసం సారాంశం.

కీలకపదాలు: ఫుట్‌బాల్, వ్యూహం, వాదం, జల్పం, వితండ, పంచావయవాలు, హేత్వాభాసం, హైదరాబాద్, రహీం.

1. ప్రవేశిక:

తెలుగులో ‘ఆడు’ అనే క్రియకు క్రీడించడం, పలకడం అనే రెండు అర్థాలూ ఉన్నాయి. ఆట ఆడతాం, మాట ఆడతాం. ‘ఆడిన మాట’ అన్నప్పుడు ఆ క్రియకు పలకడమే అర్థం. ‘వాదులాడు’, ‘పోట్లాడు’, ‘మాటలాడు’ వంటి క్రియలలోనూ ఇదే రూపం కనిపిస్తుంది. ఆటకూ మాటకూ మధ్య భాష ఏర్పరచిన ఈ సామీప్యం పెద్ద పోటీల ముందు ప్రత్యక్షమవుతుంది. మైదానంలో ఆట మొదలు కావడానికి ఎంతో ముందే మాటలలో అది మొదలవుతుంది. ఎవరిని ముందుంచాలి, ఎవరిని ఆపాలి, ఎప్పుడు దాడి చేయాలి, ఎప్పుడు కాచుకోవాలి అన్న ప్రశ్నల మీద అభిమానులు వాదులాడుకుంటారు.

ఈ వాదులాటకు శాస్త్రీయమైన విలువ ఉందా? ఉంటే దానిని కొలిచే ప్రమాణం ఏది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెతకడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. కొత్తపల్లె రచ్చబండ – వ్యూహచర్చ మూలరూపం:

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలోని కొత్తపల్లె వంటి గ్రామాలలో ఫుట్‌బాల్ ప్రధాన క్రీడ కాదు. అయినా వ్యూహచర్చ ఈ సీమకు కొత్తది కాదు. తిరునాళ్లలో జరిగే బండలాగుడు పోటీల ముందు రచ్చబండ మీద జరిగే చర్చ దీనికి మంచి ఉదాహరణ. ఈ పోటీలలో పళ్లను బట్టి ఎద్దుల వయస్సు నిర్ణయించి, పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ విభాగాలు ఏర్పరుస్తారు. నిర్ణీత సమయంలో ఏ జత బండను ఎక్కువ దూరం లాగితే ఆ జతది గెలుపు. కాబట్టి చర్చ అంతా ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: మొదటి నిమిషాలలోనే వేగం రాబట్టాలా, చివరి నిమిషాలకు దమ్ము మిగల్చాలా?

ఈ ప్రశ్నలో మూడు అంశాలు ఇమిడి ఉన్నాయి. తన బలం ఎంత, ఎదిరి బలం ఎంత, ఉన్న బలాన్ని కాలంలో ఎలా పంచాలి అన్నవే ఆ మూడు. ఫుట్‌బాల్ వ్యూహచర్చలోనూ ఈ మూడే ప్రధానం. అయితే బండలాగుడులో ఒక జత లాగుతున్నప్పుడు మరో జత దానికి అడ్డుపడదు. ఫుట్‌బాల్‌లో ఎదిరి జట్టు ఎదురుగానే నిలిచి, ప్రతి ఎత్తుకూ పైఎత్తు వేస్తుంది. అందువల్ల ఫుట్‌బాల్ వ్యూహం ప్రతివ్యూహాన్ని కూడా ముందుగా ఊహించవలసి ఉంటుంది.

‘వ్యూహం’ అనే మాట తెలుగు పాఠకులకు భారత యుద్ధఘట్టాల ద్వారా చిరపరిచితం. పద్మవ్యూహంలో ప్రవేశించడం తెలిసి, వెలుపలికి రావడం తెలియని అభిమన్యుని కథ ఒక వ్యూహసూత్రాన్ని నేర్పుతుంది. ఆధిక్యం ఎలా సాధించాలో చెప్పే పథకం, సాధించిన ఆధిక్యాన్ని ఎలా నిలుపుకోవాలో కూడా చెప్పాలి. ప్రవేశం మాత్రమే ఉండి నిర్గమం లేని వ్యూహం సగం వ్యూహమే.

3. వాదం, జల్పం, వితండ:

గౌతముని న్యాయసూత్రాలు చర్చను మూడు విధాలుగా విభజించాయి. తత్త్వనిర్ణయం కోసం, ప్రమాణాలతోనూ తర్కంతోనూ పక్షప్రతిపక్షాలను పరిశీలించేది వాదం. గెలుపే లక్ష్యంగా ఛలం, జాతి, నిగ్రహస్థానం వంటి ఉపాయాలను కూడా ప్రయోగించేది జల్పం. తనకంటూ ఒక పక్షాన్ని స్థాపించకుండా ఎదుటివాని పక్షాన్ని ఖండించడమే పనిగా పెట్టుకున్నది వితండ.

వ్యూహచర్చలో ఈ మూడూ కనిపిస్తాయి. “ఎదిరి జట్టు ఎడమవైపు రక్షణ నెమ్మదిగా కదులుతోంది, కాబట్టి మన దాడి అటునుంచి సాగాలి” అనేది వాదానికి ఆరంభం. దానికి ఆధారం అడగవచ్చు, ఆధారాన్ని పరీక్షించవచ్చు. “నువ్వు ఎప్పుడైనా బంతి తన్నావా?” అనే ప్రశ్న జల్పం. అది వాదాన్ని వదలి వాదిని పట్టుకుంటుంది. “ఈ శిక్షకుడు ఏం చేసినా తప్పే” అంటూ, తాను ఏం చేసి ఉండేవాడో చెప్పనిది వితండ.

ఇక వాదానికి న్యాయశాస్త్రం ఐదు అవయవాలను నిర్దేశించింది. అవి ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీది పొగను చూసి నిప్పును ఊహించే ప్రసిద్ధోదాహరణ ప్రాచ్యకళాశాలల విద్యార్థులందరికీ తెలిసినదే. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందనే నియత సాహచర్యానికి, అంటే వ్యాప్తికి, అక్కడ వంటిల్లు దృష్టాంతం. క్రీడారంగంలో ఇంతటి వ్యాప్తి దొరకదు. నిన్న పనిచేసిన ఉపాయం రేపు పనిచేయకపోవచ్చు. అందువల్ల వ్యూహచర్చ నిశ్చయజ్ఞానాన్ని ఇవ్వదు, సంభావ్యతను మాత్రమే తేలుస్తుంది. ఈ పరిమితిని అంగీకరించిన తరువాత కూడా పంచావయవ పద్ధతి చర్చలోని బలాన్నీ లోపాన్నీ స్పష్టంగా చూపగలదని కింది సందర్భాలు నిరూపిస్తాయి.

4. నాకౌట్ పోటీ స్వభావం:

లీగ్ దశలో ఒక జట్టు అనేక ఆటలు ఆడుతుంది. ఒక ఆటలో ఓడినా మరొక ఆటలో సవరించుకోవచ్చు. సమంగా ముగించినా ఒక పాయింటు దక్కుతుంది. నాకౌట్ దశలో ఈ వెసులుబాటు లేదు. ఫైనల్ ఒక్క ఆట. నిర్ణీత సమయంలో తేలకపోతే అదనపు సమయం, అప్పటికీ తేలకపోతే పెనాల్టీ షూటౌట్.

ఈ తేడా వ్యూహచర్చ స్వరూపాన్ని మారుస్తుంది. లీగ్‌లో ‘సగటున ఏది మేలు’ అన్నది ప్రశ్న. నాకౌట్‌లో ‘ఈ ఒక్క రోజు, ఈ ఎదిరి మీద, ఉన్న మనుషులతో ఏది మేలు’ అన్నది ప్రశ్న. గాయం, జ్వరం, అలసట లీగ్‌లో చిన్న విషయాలు కావచ్చు. ఫైనల్ ముందు అవే ప్రధాన విషయాలవుతాయి. 1962 నాటి జకార్తా ఫైనల్ ఇందుకు నిదర్శనం.

5. జకార్తా, 1962:

5.1 నేపథ్యం:

వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాద్‌లో జన్మించారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలుచుకుంది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. అంటే 1962 నాటికి రహీంకు ఘనవిజయమూ ఘోరపరాజయమూ రెండూ అనుభవమే.

జకార్తాలో భారత్ తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడింది. తరువాత థాయ్‌లాండ్‌ను 4–1తో, జపాన్‌ను 2–0తో ఓడించి సెమీఫైనల్ చేరింది. థాయ్‌లాండ్‌తో జరిగిన ఆటలో రక్షణకు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. సెమీఫైనల్‌లో రహీం ఆయనను రక్షణ నుంచి తప్పించి ముందు వరుసలో ఆడించారు. జర్నైల్ ఒక గోల్ చేయగా, కెప్టెన్ చునీ గోస్వామి రెండు గోల్స్ చేశారు. భారత్ దక్షిణ వియత్నాంను 3–2తో ఓడించింది. ఫైనల్‌లో మళ్లీ దక్షిణ కొరియాయే ప్రత్యర్థి.

5.2 సిద్ధాంతపక్షం:

ఫైనల్ ముందు నిర్ణయించవలసిన ప్రధాన ప్రశ్న ఇది: జర్నైల్‌ను తిరిగి రక్షణకు పంపాలా, ముందు వరుసలోనే ఉంచాలా? ముందు వరుసలోనే ఉంచాలన్న పక్షాన్ని పంచావయవాలలో ఇలా పునర్నిర్మించవచ్చు.

ప్రతిజ్ఞ: ఫైనల్‌లో జర్నైల్‌ను సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాలి.

హేతువు: తలకు గాయమైన రక్షకుడు మీదికి వచ్చే ప్రతి బంతికీ తలొగ్గి పోటీపడక తప్పదు, అతడు ఒక్క బంతిని వదిలినా గోల్ పడే ప్రమాదం ఉంది. ఫార్వర్డ్ మాత్రం ఏ బంతికి పోటీపడాలో తానే ఎంచుకోగలడు. పైగా అతని దేహబలం ఎదిరి రక్షణను కలవరపెడుతుంది.

ఉదాహరణ: సెమీఫైనల్‌లో ఆ స్థానంలో ఆడి ఆయన గోల్ చేశారు.

ఉపనయం: ఫైనల్ నాటికీ గాయం మానలేదు. రక్షణ మధ్యభాగాన్ని కాయడానికి అరుణ్ ఘోష్ ఉన్నారు.

నిగమనం: కాబట్టి ఆయనను ముందు వరుసలోనే ఉంచాలి.

5.3 పూర్వపక్షం:

పూర్వపక్షాన్ని బలహీనంగా చూపి ఖండించడం వాదధర్మం కాదు. ఇక్కడి పూర్వపక్షం నిజంగానే బలమైనది. సెమీఫైనల్‌లో జర్నైల్ గోల్ చేసినమాట నిజమే. కాని ఆయన లేని రక్షణ ఆ ఆటలోనే రెండు గోల్స్ ఇచ్చింది. అంతకుముందు జపాన్ మీద భారత్ ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. దక్షిణ కొరియా అప్పటికే భారత్ మీద రెండు గోల్స్ చేసి గెలిచిన జట్టు. అటువంటి జట్టు ముందు రక్షణను పలుచన చేయడం సాహసం కాదా?

గమనించవలసిన విషయం ఏమంటే, రెండు పక్షాలూ ఒకే సెమీఫైనల్‌ను ఉదాహరణగా చూపుతున్నాయి. ఒకే హేతువు రెండు విరుద్ధ నిర్ణయాలకు దారితీసినప్పుడు దానిని సవ్యభిచార హేత్వాభాసం అంటారు. సెమీఫైనల్ ఫలితం ఒక్కటే ఈ ప్రశ్నను తేల్చలేదు.

5.4 సమన్వయం:

రహీం నిర్ణయంలోని విశేషం ఇక్కడే ఉంది. ఆయన పూర్వపక్షాన్ని తోసిపుచ్చలేదు, దానికి సమాధానం సిద్ధం చేశారు. అనారోగ్యం నుంచి కోలుకున్న ఆజానుబాహువు పీటర్ తంగరాజ్‌ను ప్రద్యోత్ బర్మన్ స్థానంలో గోల్‌కీపర్‌గా నిలిపారు. అరుణ్ ఘోష్‌ను రక్షణలో ఉంచారు. ముందు వరుసకు మనిషిని పంపడం వల్ల వెనుక ఏర్పడిన లోటును ఈ ఎంపికలు కొంతవరకు పూడ్చాయి. వ్యూహమంటే ఒక్క ఎంపిక కాదు. ఒక ఎంపిక తెచ్చే నష్టాన్ని మరొక ఎంపికతో పూడ్చే ఏర్పాటు. అభిమానుల చర్చలు తరచుగా మొదటి ఎంపిక దగ్గరే ఆగిపోతాయి. శిక్షకుని ఆలోచన రెండవదాని దాకా సాగుతుంది.

1962 సెప్టెంబర్ 4న జరిగిన ఫైనల్‌లో పి. కె. బెనర్జీ 17వ నిమిషంలో, జర్నైల్ సింగ్ 20వ నిమిషంలో గోల్స్ చేశారు. కొరియా 85వ నిమిషంలో ఒక గోల్ మాత్రమే చేయగలిగింది. ప్రేక్షకులలో అత్యధికులు భారత్‌కు వ్యతిరేకంగా ఉన్న స్టేడియంలో భారత్ 2–1తో స్వర్ణం గెలిచింది. ఇరవయ్యవ నిమిషానికే రెండు గోల్స్ ఆధిక్యం లభించడంతో, మిగిలిన ఆటంతా ఆధిక్యాన్ని కాచుకోవలసిన ఆటగా మారింది. ‘నిర్గమం’ గురించి కూడా ఆలోచించిన వ్యూహం కాబట్టి అది నిలిచింది. ఆనాటి జట్టులో సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం, హైదరాబాద్‌కు చెందిన యూసుఫ్ ఖాన్ కూడా ఆడారు. రహీం 1963 జూన్‌లో కేన్సర్‌తో మరణించారు. ఆసియా క్రీడల పురుషుల ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఆ తరువాత మళ్లీ స్వర్ణం రాలేదు.

6. వ్యూహచర్చలో హేత్వాభాసాలు:

న్యాయసూత్రాలు పేర్కొన్న హేత్వాభాసాలలో మూడు వ్యూహచర్చలో పదేపదే ఎదురవుతాయి.

మొదటిది, పైన చెప్పిన సవ్యభిచారం. “దక్షిణ కొరియా ఇంతకుముందు మనల్ని ఓడించింది, కాబట్టి ఈసారీ ఓడిస్తుంది” అన్నది దీనికి మరో ఉదాహరణ. ఓడిన జట్టు ఆ ఓటమి నుంచి ఎదిరి పద్ధతిని నేర్చుకుని ఉండవచ్చు. కాబట్టి తొలి ఓటమి ఓటమికీ హేతువు కాగలదు, గెలుపుకీ హేతువు కాగలదు.

రెండవది సాధ్యసమం. హేతువే నిరూపణ అవసరమైన స్థితిలో ఉండటం దీని లక్షణం. “మన జట్టు ఊపు మీద ఉంది, కాబట్టి గెలుస్తుంది” అన్నప్పుడు ‘ఊపు’ అనేదాన్ని ముందుగా నిరూపించాలి. గత విజయాలే ఊపుకు రుజువైతే, చెప్పినదే మళ్లీ చెప్పినట్లవుతుంది.

మూడవది కాలాతీతం. కాలం మించిన తరువాత చెప్పిన హేతువు అని దీని స్థూలార్థం. శాస్త్రంలో దీని వివరణ మీద వ్యాఖ్యాతల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నప్పటికీ, ఈ పేరును వ్యూహచర్చకు అన్వయించుకోవచ్చు. ఫలితం తెలిసిన తరువాత, “అది తప్పని నాకు ముందే తెలుసు” అనడం ఈ కోవలోకి వస్తుంది. జర్నైల్ గోల్ చేశారు కాబట్టి రహీం నిర్ణయం సరైనదనడమూ ఇదే దోషం. ఆయన గోల్ చేయకుండా భారత్ ఓడి ఉంటే, అదే నిర్ణయాన్ని అదే నోళ్లు మూర్ఖత్వమని ఉండేవి. నిర్ణయం మాత్రం మారదు. దాని వెనుక హేతువులూ మారవు.

7. ఫతోర్డా, 2022:

అరవై ఏళ్ల తరువాత హైదరాబాద్ పేరుతో ఆడిన మరో జట్టు ఒక పెద్ద ఫైనల్‌కు చేరింది. 2021–22 ఇండియన్ సూపర్ లీగ్‌లో మనోలో మార్క్వెజ్ శిక్షణలోని హైదరాబాద్ ఎఫ్‌సి సెమీఫైనల్‌లో ఎటికె మోహన్ బగాన్‌ను ఎదుర్కొంది. రెండు ఆటల ఆ పోరులో హైదరాబాద్ తొలి ఆటను 3–1తో గెలిచి, రెండవ ఆటను 0–1తో ఓడింది. మొత్తం మీద 3–2తో ఫైనల్ చేరింది. విడిగా చూస్తే ఓటమి అయిన ఆట, మొత్తంగా చూస్తే వ్యూహసాఫల్యమైంది. దాడి చేయాలా, ఆధిక్యాన్ని కాచుకోవాలా అనే ప్రశ్నకు సమాధానం ఆ రోజు స్కోరులో మాత్రమే కాక, ముందు రోజు చేతిలో ఉన్న నిల్వలో కూడా ఉంటుందని ఇది తెలుపుతుంది.

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో జరిగిన ఫైనల్‌లో ప్రత్యర్థి కేరళ బ్లాస్టర్స్. ఆ సీజన్‌లో 18 గోల్స్‌తో అగ్రస్థానంలో నిలిచిన బార్థలొమ్యూ ఓగ్‌బెచె హైదరాబాద్ వైపు ఉన్నారు. “ఓగ్‌బెచెను ఆపితే హైదరాబాద్ ఆగుతుంది” అన్న ప్రతిజ్ఞ అటువంటి ఫైనల్ ముందు ఎవరికైనా సహజంగా తోస్తుంది. దాని హేతువు బలమైనదే. కాని ఆటలో జరిగింది వేరు. 68వ నిమిషంలో రాహుల్ కె. పి. గోల్‌తో కేరళ ముందంజ వేసింది. 88వ నిమిషంలో హైదరాబాద్‌కు సమానత్వం తెచ్చినవారు ఓగ్‌బెచె కాదు, మధ్యలో బరిలోకి వచ్చిన సాహిల్ తవోరా. 1–1తో ముగిసిన ఆట పెనాల్టీలకు వెళ్లింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలను అడ్డుకోగా, హైదరాబాద్ 3–1తో తొలిసారి టైటిల్ గెలిచింది.

ఇక్కడ వ్యూహచర్చకు ఒక పాఠం ఉంది. ‘ఎవరిని మొదట ఆడించాలి’ అన్న ప్రశ్న ఎంత ముఖ్యమో, ‘ఎవరిని మిగుల్చుకోవాలి’ అన్న ప్రశ్నా అంతే ముఖ్యం. ప్రపంచకప్ ఫైనల్స్‌లో ఆటగాళ్లను మధ్యలో మార్చే వెసులుబాటు 1970లో మొదలైంది. అంతకుముందు తరం శిక్షకుల ఆలోచన ప్రధానంగా తొలి పదకొండుమంది ఎంపిక మీదే నడిచింది. నేటి శిక్షకునికి బయట కూర్చున్నవారు కూడా వ్యూహంలో భాగమే. బండలాగుడు అభిమాని మాటలో చెప్పాలంటే, చివరి నిమిషాల దమ్ము ఇప్పుడు బరి వెలుపల కూడా దాచి ఉంచవచ్చు.

8. ‘ఆడించాలి’, ‘ఆడించాల్సింది’ – భాషాసాక్ష్యం:

వ్యూహచర్చలోని వాద, జల్ప, వితండలను గుర్తించడానికి తెలుగు క్రియారూపాలు తోడ్పడతాయి. ఆటకు ముందు అభిమాని “అతణ్ణి ఆడించాలి” అంటాడు. ఆట తరువాత “అతణ్ణి ఆడించాల్సింది” అంటాడు. మొదటిది జరగవలసినదాన్ని చెప్పే విధ్యర్థకం. దానికి పరీక్ష ఇంకా ముందుంది. అన్నవాడు తన మాటను పణంగా పెడుతున్నాడు. రెండవది జరగనిదాన్ని చెప్పే రూపం. జరగనిదానికి పరీక్ష లేదు కాబట్టి ఆ మాట ఎన్నటికీ ఓడదు. ‘గెలిస్తే’, ‘గెలిచి ఉంటే’ అనే రూపాల మధ్య కూడా ఇదే అంతరం ఉంది.

‘ఆడు’ కాక ‘ఆడించు’ అనే ప్రేరణార్థకాన్ని వాడటం మరో విశేషం. ఈ క్రియకు కర్త ఆటగాడు కాదు, శిక్షకుడు. ‘ఆడించాలి’ అనడంతో అభిమాని తనను శిక్షకుని స్థానంలో నిలుపుకుంటాడు. ఆ స్థానంలో నిలిచినవాడు ఆ స్థానపు బాధ్యతను కూడా తీసుకోవాలి. ఒకరిని ఆడించాలంటే, మరొకరిని కూర్చోబెట్టాలి. ఎవరిని కూర్చోబెట్టాలో చెప్పనివాని ‘ఆడించాలి’ అసంపూర్ణ వాక్యమే.

సర్వనామాలదీ ఇదే తీరు. శ్రోతను కలుపుకునే ‘మనం’, కలుపుకోని ‘మేము’ అనే భేదం తెలుగులో ఉంది. ఆటకు ముందు అభిమానుల చర్చ ‘మనం’తో సాగుతుంది. ఓటమి తరువాత ‘మనం’ తరచుగా ‘వాళ్లు’గా మారుతుంది. “మనం గెలిచాం, వాళ్లు ఓడిపోయారు” అన్నప్పుడు జట్టు ఒక్కటే, సర్వనామం మారింది. ఓటమిలోనూ ‘మనం’ నిలిచిన చర్చలోనే వాదానికి చోటుంటుంది. ‘వాళ్లు’ ప్రవేశించిన చోట వితండకు దారి సుగమమవుతుంది.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. ఒకటి, పెద్ద పోటీకి ముందు జరిగే వ్యూహచర్చ, హేతువులను చెప్పి వాటిని పరీక్షకు నిలిపినంతవరకు వాదమే. రెండు, ఒక ఎంపికను ప్రతిపాదించినవారు దానివల్ల కలిగే నష్టానికీ సమాధానం చెప్పాలి. జకార్తాలో రహీం ఎంపికలు ఈ లక్షణాన్ని చూపుతాయి. మూడు, ఫలితం వ్యూహానికి పరీక్షే కాని, ఏకైక ప్రమాణం కాదు. ఫతోర్డాలో చివరి నిమిషాల గోల్, పెనాల్టీలు తేల్చిన ఫలితం ఒక్క గోల్‌కీపర్ చేతివాటంతో తలకిందులై ఉండగలదు.

ఈ వివేకం క్రీడకే పరిమితం కాదు. ఏ పంట వేయాలి, పిల్లలను ఏ చదువుకు పంపాలి, ఎవరికి ఓటు వేయాలి అన్న నిర్ణయాలన్నీ ఫలితం తెలియక ముందే జరుగుతాయి. వాటినీ ఫలితం వచ్చాకే తూకం వేస్తాం. వర్షం పడక పంట పోయిన రైతును తెలివితక్కువవాడన్నప్పుడు జరిగేది కాలాతీత దోషమే. తరగతి గదిలో న్యాయశాస్త్రాన్ని కొండమీది నిప్పుతో పాటు మైదానంలోని ఆటతో కూడా బోధిస్తే, విద్యార్థులకు హేతువు, హేత్వాభాసం అనే మాటలు నిత్యజీవితంలోని పనిముట్లవుతాయి. ‘ఆడించాల్సింది’ అనబోయేముందు, ఆటకు ముందు తాను ఏమన్నాడో గుర్తుచేసుకోవడం ఆ బోధనలో మొదటి అభ్యాసం కాగలదు.